చోటే సాహెబు బావి తగువు

నేను నెల్లూరు జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ణే గానీ, సముద్రానికీ నాకూ పెద్దగా మాటల్లేవు. మాది పెన్నా కాలవ కింద వరి మళ్ళ ఊరు. ఏడాదికోసారి మైపాడు పోయి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, అలల్లో నాలుగడుగులు వేసి, వేరుశెనక్కాయలు తిని, ‘అబ్బ, ఎన్ని నీళ్ళో’ అని తిరిగొచ్చే జాతి మాది. అటువంటివాడికి కృష్ణపట్నం రేవు చరిత్ర రాసే పని అప్పజెప్పారంటే ఆ తప్పు నాది కాదు, మా కాలేజీది. ముప్పై నాలుగేళ్ళు చరిత్ర పాఠం చెప్పి రిటైరైనవాడు తీరిగ్గా కనిపిస్తే లోకం ఓర్వలేదు. స్వర్ణోత్సవ సంచిక వేస్తున్నాం, మన రేవు మీద పన్నెండు పేజీలు మీరే రాయాలి రంగనాయకులు గారూ, మీరు తప్ప ఎవరున్నారు అన్నారు. పొగిడితే పొంగిపోయే గుణం నాకు పుట్టుకతోనే వచ్చింది. సరే అన్నాను.

ఇంట్లో కూర్చునే ఎనిమిది పేజీలు రాసేశాను. ఏ రాజు కాలంలో ఏ ఓడ వచ్చిందో, ఏ శాసనంలో ఏ సుంకం ఉందో, పుస్తకాలన్నీ ముందేసుకుని వరసగా దించాను. ఎనిమిదో పేజీతో రాజులు అయిపోయారు. ఇంకా నాలుగు పేజీలు మిగిలాయి. మా ఆవిడ ఇదంతా చూసి, రేవును చూడకుండా రేవు గురించి రాసేవాణ్ణి మిమ్మల్నే చూస్తున్నానంది. ఆమె మాట పడలేక మే నెల ఎండలో ముత్తుకూరు మీదుగా పోయే బస్సెక్కాను.

బస్సులో కండక్టరును అడిగాను, పాత సంగతులు తెలిసిన పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. ఉన్నారు, ఇద్దరున్నారు అన్నాడు. పోర్టు రోడ్డు మలుపులో గురవమ్మ టీ అంగడి దగ్గర దిగమన్నాడు. ఒకరు చెప్పింది రెండోవాళ్ళ దగ్గర అనొద్దని కూడా హెచ్చరించాడు. చరిత్రకారుల మధ్య ఉండే అలవాటే గదా అని నేను పెద్దగా పట్టించుకోలేదు.

గురవమ్మ అంగడి ముందు ఒకటే పొడుగాటి బెంచీ. దాని మీద ఇద్దరు ముసలాళ్ళు, ఒకరు రోడ్డు వైపు మొహం పెట్టి, ఇంకొకరు అంగడి వైపు మొహం పెట్టి, వీపు వీపు ఆనేటట్టు కూర్చున్నారు. బొగ్గు లారీలు పోయినప్పుడల్లా ఇద్దరి మీదా సమానంగా దుమ్ము పడుతోంది. రోడ్డు వైపు ఉన్నాయన గళ్ళ లుంగీ, తెల్ల బనీను, నెత్తిన అల్లిక టోపీ. కుడి అరచేతికి నల్లబడిపోయిన తోలు పట్టీ ఒకటి కట్టుకుని ఉన్నాడు. ఆయన చోటే సాహెబు. అంగడి వైపు ఉన్నాయన నల్లగా, పొడుగ్గా, కొయ్య దూలంలా ఉన్నాడు. ఆయన పోలేరయ్య, జాలర్ల పాలెం మనిషి, ఒకప్పుడు పడవ నడిపినవాడు.

రేవు చరిత్ర కోసం వచ్చానని చెప్పేసరికి చోటే సాహెబు నన్ను ఎగాదిగా చూసి, ఏం రాశారో చదవమన్నాడు. గర్వంగా రెండు పేజీలు చదివాను. ఆయన చివరిదాకా విన్నాడు. విని, నిదానంగా ఒక ప్రశ్న అడిగాడు.

“రాజులు వచ్చినారు, ఓడలు వచ్చినాయి, అంతా బాగానే ఉండాది అయ్యోరా. వాళ్ళకు దాహమైతాది గదా. నీళ్ళు యాడ తాగినారో రాసినావా?”

రాయలేదు. ముప్పై నాలుగేళ్ళలో ఏ పిల్లవాడూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు, అడిగి ఉంటే బెంచీ ఎక్కించి ఉండేవాణ్ణి. చుట్టూ ఉప్పునీళ్ళు, ఉప్పు కయ్యలు, ఉప్పుటేరు. ఆ రేవులో నెత్తురైనా దొరుకుతుందేమో గానీ మంచినీళ్ళు దొరకవు. ఆ ఇసకలో ఒకే ఒక్క తియ్యనీళ్ళ బావి ఉండేదట. అది ఉంది కాబట్టే పడవలు ఆగేవి, పడవలు ఆగేవి కాబట్టే రేవు. సాహెబు చెప్పిన చరిత్ర ఇంతే. నా ఎనిమిది పేజీల్లో ఇంత గట్టి వాక్యం ఒక్కటి లేదు.

ఆ బావి ఎవరిది అని అడగడం నా తప్పు.

“మాది,” అన్నాడు చోటే సాహెబు. అంగడి వైపు నుంచి దగ్గు వినిపించింది. పోలేరయ్య నాతో కాదు, చోటే సాహెబుతో అసలే కాదు, టీ వడగడుతున్న గురవమ్మతో అన్నాడు, ఊరికొచ్చిన పెద్దమనిషికి అబద్ధాలు చెప్పొద్దని ఆయనకు చెప్పమ్మా అని. గురవమ్మ టీ గ్లాసు దించకుండానే తల ఇటు తిప్పి, అబద్ధాలు చెప్పొద్దంటున్నాడు సాయిబన్నా అంది. అబద్ధం ఎవరి వంశంలో ఉందో ఊరందరికీ తెలుసునని ఆయనకు చెప్పు, అన్నాడు సాహెబు. ఆమె తల అటు తిప్పి అది కూడా చేరవేసింది. ముగ్గురూ మూడడుగుల దూరంలోనే ఉన్నారు.

తరవాత తెలిసింది, ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. మాటలన్నీ గురవమ్మ మీదుగానే. ఆమె తిరపతి పోయిన మూడు రోజులూ ఇద్దరూ మూగనోము పట్టారట. ఇంకో అంగడికి పోవచ్చు గదా అంటే, పోతే ఓడిపోయి పోయాడంటారని ఇద్దరికీ భయం.

చోటే సాహెబు గురించి కాస్త చెప్పాలి. ఆయన తాత, తండ్రి తెరచాపలు కుట్టేవాళ్ళు. రేవు పక్క పడవల కాలవలో ఉప్పు, సరుగుడు కట్టెలు మోసుకుని మద్రాసు దాకా పోయే పడవలకీ, పాలెం వాళ్ళ చేపల పడవలకీ చాపలు వీళ్ళవే. గుడ్డ కుట్టగానే పని అయిపోదు. తుమ్మ చెక్క వేసి పెద్ద కాగుల్లో కాచి, ఆ ఎర్రటి నీళ్ళలో చాపను నానబెడితేనే ఉప్పుగాలికి కుళ్ళకుండా నిలుస్తుంది. ఆ కాచే నీళ్ళు తియ్యనీళ్ళయి తీరాలి, ఉప్పునీళ్ళలో రంగు పట్టదు. అందుకే వాళ్ళ చాపల కొట్టం బావి పక్కనే ఉండేదని ఆయన మాట. కుర్రతనంలో చోటే సాహెబు చేతులు మోచేతుల దాకా ఎర్రగానే ఉండేవట. పెళ్ళిచూపుల్లో సుల్తాన్‌బీ ఆ చేతులు చూసి, పెళ్ళికొడుక్కి ముందే గోరింటాకు పెట్టేశారేమిటని అడిగిందట. ఈ మాట ఆయన చెప్పుకుని మురిసిపోతాడు, ఆమె మాత్రం నేనెప్పుడన్నానని దబాయిస్తుంది.

తరవాత పడవలకు ఇంజన్లొచ్చాయి. చాపలు పోయాయి. ఇంకొకరైతే దబ్బనం పారేసి ఇంకో పని వెతుక్కునేవాళ్ళు. ఈయన రొయ్యల గుంటలకు పట్టలు కుట్టాడు, పెళ్ళి పందిళ్ళు కుట్టాడు, పోర్టు వచ్చాక బొగ్గు లారీల మీద కప్పే పట్టలు కుట్టడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ అదే పని. డెబ్బై నాలుగేళ్ళ వయసులో ఆ తోలు పట్టీతో దబ్బనం పోటు పొడిచాడంటే మందపాటి పట్ట కూడా కిమ్మనదు. రోడ్డు మీద పోయే ప్రతి లారీనీ కుట్టు చూసి గుర్తుపడతాడు. అది నాది, అది నాది కాదు, అది నా కుట్టును చూసి ఎవడో కాపీ కొట్టింది, అని నాకు ఒక గంటసేపు పాఠం చెప్పాడు. ఆ గంటలో నేను కూడా రెండు లారీలు సరిగ్గా గుర్తుపట్టాను. ఏమైనా విద్యార్థిగా నేను బాగానే రాణిస్తాను.

ఇక తగువు సంగతి. ఎప్పుడో పూడిపోయిన ఆ బావిని చోటే సాహెబు తాత తిరిగి తవ్వించాడని సాహెబు మాట. పోలేరయ్య తాత తవ్వాడని పోలేరయ్య మాట. రేవులో కాలవకూ సముద్రానికీ నడుమ పాత ఉప్పు కొట్టం ఉండేది. బావి దానికి కాలవ పక్కన ఉంటే అది చాపల కొట్టం వాళ్ళది, సముద్రం పక్కన ఉంటే అది పాలెం వాళ్ళది. ఇంతవరకూ ఇద్దరూ ఒప్పుకుంటారు. ఎటు పక్క ఉండేదన్న దగ్గర వస్తుంది గొడవ. చిన్నప్పుడు ఒకే పడవలో పోయి, ఒకే ముంతలో గంజి తాగినవాళ్ళు. పోలేరయ్య మొదటి పడవకు చాప కుట్టిందీ ఈయనే. అటువంటిది పోలేరయ్య కూతురి పెళ్ళిలో, చేపల పులుసు తింటూ ఉండగా, ఎవరో క్యాను నీళ్ళు తాగి బాగాలేవన్నారట. మా బావి నీళ్ళు తాగి ఉంటే తెలిసేది అన్నాడు పోలేరయ్య. మీ బావి ఏది అన్నాడు చోటే సాహెబు. పులుసు సగం మిగిలింది. సాహెబు చెయ్యి కడుక్కుని, పెళ్ళికూతురికి ఆశీర్వాదం ఇచ్చి, పోలేరయ్యతో ఒక్క మాట మాట్లాడకుండా వచ్చేశాడు. అదే ఆఖరు.

పోలేరయ్య పట్టుదలకు ఇంకో కారణం ఉంది. నీళ్ళకు పోయిన వాళ్ళమ్మ ఆ బావి గట్టు మీదే నొప్పులు పడి ఆయన్ని కన్నదట. నేను పుట్టిన చోటు నాది కాదంటే ఎట్టా అని గురవమ్మతో వారానికోసారైనా అంటాడని ఆమే చెప్పింది.

ఆ పెళ్ళి నాటికే పాత రేవంతా పోర్టు గోడ లోపలికి పోయింది. పాలెం వాళ్ళు ఇటు వచ్చి ఇళ్ళు కట్టుకుని చాలా కాలమైంది. గేటు దగ్గర పాసు లేనిదే ఎవరినీ రానివ్వరు, పోలేరయ్యకు మోకాళ్ళు పనిచెయ్యవు. చోటే సాహెబు పట్టలు రోజూ లారీల మీద లోపలికి పోయి వస్తున్నాయి గానీ ఆయన మాత్రం ఒక్కసారీ పోలేదు. అందుకని నన్ను చూడగానే ఆయన కళ్ళు మెరిశాయి. మీ కాలేజీ ఉత్తరం ఇస్తే మీకు పాసిస్తారు, మీ వెంట నన్ను తీసుకుపోండి అన్నాడు. ఒక్కసారి లోపలికి పోయి, బావి ఎటు పక్కనుందో నా కళ్ళతో చూసి, మీ చేత నాలుగు మంచి మాటలు రాయించి, అది అచ్చులో పోలేరయ్య మొహాన పెట్టి గానీ కన్ను మూయనన్నాడు. ఆ మాట ఆయన గట్టిగానే అన్నాడు. పోలేరయ్య గురవమ్మతో, పోయి రమ్మను, చూసి రమ్మను, నిజం చెప్పమను, నాకంతే చాలు అన్నాడు.

పాసు రావడానికి పదకొండు రోజులు పట్టింది. దరఖాస్తులో ‘వచ్చే పని’ అన్న చోట నేను ‘చరిత్ర పరిశోధన’ అని రాశాను. అదేం మాట, ‘బావి’ అని రాయండి అని సాహెబు పట్టుబట్టాడు. ఇద్దరం రాజీపడి ‘పాత బావి గురించి చరిత్ర పరిశోధన’ అని రాశాం. గేటు దగ్గర ఉన్నతను అది రెండుసార్లు చదువుకుని, మా ఇద్దరి మొహాలూ చూసి, లోపలికి పంపాడు.

సాహెబు ఆ రోజు తెల్ల కమీజు వేసుకొచ్చాడు, సుల్తాన్‌బీ ఇస్త్రీ చేయించి పంపిందట. అయితే లోపలికి పోవాలంటే ఇనప ముక్కున్న బూట్లు, నెత్తిన హెల్మెటు తప్పవు. డెబ్బై నాలుగేళ్ళలో ఆయన కాలికి చెప్పు తప్ప బూటు తగల్లేదు. ఆ బూట్లలో ఆయన నడక చూస్తే రెండు కాళ్ళకూ రెండు బిందెలు తగిలించినట్టుంది. హెల్మెటు కింద టోపీ తియ్యనన్నాడు. టోపీ మీద హెల్మెటు నిలవదు. చివరకు టోపీ పైన హెల్మెటు పెట్టి, గడ్డం కింద పట్టీని ఆయనే తన చేత్తో ఒక ముడి వేసి బిగించాడు. గేటు మనిషి ఆ ముడి చూసి ఇదెలా వేశావు తాతా అని అడిగి నేర్చుకున్నాడు. సాహెబు ఛాతీ ఒక అంగుళం పెరిగింది.

మమ్మల్ని తిప్పడానికి బిందు అని ఒక చిన్న ఇంజనీరమ్మాయిని పెట్టారు. కోవూరు పక్క పిల్ల, మర్యాద తెలిసిన పిల్ల. పరిచయాలయ్యాక నాకు పోర్టు గురించి ఎన్ని టన్నులు, ఎన్ని క్రేన్లు అని చెప్పబోయింది. సాహెబు మధ్యలోనే అడ్డం పడి, అవన్నీ అయ్యోరికి పుస్తకంలో పంపమ్మా, ముందు బావి చూపించమన్నాడు. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, లోపలి గదిలోకి పోయి, ఒక పెద్ద కాగితం చుట్ట తెచ్చి బల్ల మీద పరిచింది. పోర్టు పని మొదలుకాక ముందు సర్వే చేసి గీసిన పటం. పాత కాలవ, ఉప్పు కొట్టం, చాపల కొట్టం, పాలెం ఇళ్ళు, అన్నీ సన్నటి గీతల్లో ఉన్నాయి. ఉప్పు కొట్టం పక్కన చిన్న సున్నా ఒకటి చుట్టి ఇంగ్లీషులో బావి అని రాసి ఉంది.

సాహెబుకు ఇంగ్లీషు రాదు. సముద్రం ఎటు, కాలవ ఎటు అని రెండుసార్లు అడిగాడు. బిందు వేలుపెట్టి చూపించింది. బావి కాలవ పక్కనే ఉంది. అనుమానం లేదు, చాపల కొట్టానికి ఇరవై అడుగుల దూరంలో ఉంది.

ఆయన ఎగిరి గంతెయ్యలేదు. బూట్లు బరువు కదా. నెమ్మదిగా కుర్చీలోంచి లేచి, హెల్మెటు తీసి బల్ల మీద పెట్టి, మళ్ళీ పెట్టుకుని, నా చెయ్యి పట్టుకున్నాడు. ఫోన్లో ఫోటో తియ్యి అయ్యోరా, పెద్దదిగా తియ్యి, పోలేరయ్యకు కళ్ళు సరిగా కనపడవు అన్నాడు. నేను మూడు ఫోటోలు తీశాను. ఇరవై రెండేళ్ళ తగువు రెండు నిమిషాల్లో తేలిపోయింది. నాకు కూడా ఆనందమే, నా తొమ్మిదో పేజీ దొరికింది.

“ఇంక పోదాం పదమ్మా,” అన్నాడు సాహెబు బిందుతో. “బావి కాడికి పోదాం. గట్టు మీద ఒక్కసారి చెయ్యి పెట్టొస్తా.”

బిందు ఆయన వైపు కాకుండా నా వైపు చూసింది. నాకప్పుడే అర్థం కావలసింది. కాలేదు. ఆ అమ్మాయి ఏదో చెప్పబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయి, రండి తాతా అంది.

జీపులో తీసుకుపోయి ఓడలు ఆగే కట్ట మీద దించింది. ఎండకు సిమెంటు పెళపెళలాడుతోంది. సాహెబు చుట్టూ చూశాడు, ఒక్క గుర్తూ అందలేదు. అయినా తొణకలేదు. సముద్రం మీద పోయేవాళ్ళ ఉపాయం ఒకటుందన్నాడు. పూర్వం పడవలు రేవులోకి వచ్చేటప్పుడు లైట్‌హౌసు సరిగ్గా గుడి శిఖరం వెనక్కి పోయి దాక్కునేదాకా చుక్కాని తిప్పేవాళ్ళట. ఆ రెండూ ఒకటైన వరసలోనే బావి ఉండేదట. పోలేరయ్య కూడా ఇది కాదనలేడన్నాడు.

చెప్పి, దూరంగా ఉన్న ఆ రెంటి మీదా కళ్ళు పెట్టి, వెనక్కి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. ఆ బూట్లతో, ఆ హెల్మెటుతో, చేతులు రెండూ కాస్త చాపి, వెనక్కి. వెనక బిందు, ఆమె వెనక నేను. ఎవరో దూరం నుంచి ఈల వేసి పసుపు గీత దాటొద్దని అరిచారు. కొంచెం కుడికి, కొంచెం ఎడమకు జరుగుతూ ఆయన తనలో తాను నవ్వుకుంటున్నాడు. లైట్‌హౌసు గుడి శిఖరం వెనక్కి జారింది. “కుదిరింది,” అన్నాడు. “ఇదే వరస. ఇంకా వెనక్కి పోవాల.”

బిందు ఆయన కమీజు పట్టుకుంది. “ఇంక పోలేం తాతా. వెనక నీళ్ళు.”

“ఇంకా ఎంత పోవాల?”

ఆ అమ్మాయి చెయ్యెత్తి చూపించింది. మా వెనక, నీళ్ళ మీద, మూడంతస్తుల మేడంత బొగ్గు ఓడ నిలబడి ఉంది. “అదిగో, బావి చోటు ఆ ఓడ నడుం కిందకు వస్తుంది. ఓడలు రావాలంటే లోతు కావాలి కదా తాతా. అదంతా తవ్వేశారు.”

సాహెబు నిదానంగా ఇటు తిరిగాడు. చాలాసేపు చూశాడు. క్రేను పైకి పోయి బొగ్గు తోడుకుని కిందకు వస్తోంది, మళ్ళీ పోతోంది. చాపల కొట్టం లేదు, ఉప్పు కొట్టం లేదు, కాలవ పక్కా లేదు, సముద్రం పక్కా లేదు. అంతా ఒకటే నీళ్ళు. ఎంత లోతు తవ్వారని అడిగాడు. తాటిచెట్టంత, ఇంకా కొంచెం ఎక్కువే అంది బిందు.

“అప్పుడు ఓడలు బావి కోసం వచ్చి ఆగేవి,” అన్నాడు సాహెబు. “ఇప్పుడు బావి మీదకే వచ్చినాయి.”

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి, దాచుకోవడం ఎందుకు. పోర్టు లేకపోతే ఆయన పట్టలకు పని లేదు, ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. అందుకే ఎవరినీ ఏమీ అనలేదు. గేటు దగ్గర బూట్లు విప్పి ఇచ్చేసి, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, ఆటో ఎక్కాడు.

ఆటోలో సగం దూరం వచ్చాక, ఆ ఫోటోలు తీసెయ్యమన్నాడు. నేను చరిత్ర మనిషిని, దొరికిన ఆధారాన్ని చెరపను అన్నాను. మీరు గెలిచారు సాహెబ్ గారూ, ఇది సాక్ష్యం అన్నాను. ఆయనకు కోపం వచ్చింది.

“గెలిచి ఏం జేసుకుంటా అయ్యోరా? ఆయన ఆ బెంచీ మీద కూర్చొని కళ్ళు మూసుకుంటే బావి కనపడతాది. వాళ్ళమ్మ గూడా కనపడతాది. నేను పోయి ఇదిగో కాలవ పక్క అన్నానంటే, ఇప్పుడెట్టుందని అడగతాడు. ఏం చెప్పేది?”

ఫోటోలు తీసెయ్యలేదు గానీ, ఎవరికీ చూపించనని మాటిచ్చాను. ఒక్క మాటలో చెప్పాలంటే, ఆ ఆటోలో నేను నా ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగానికి ద్రోహం చేశాను.

గురవమ్మ అంగడి దగ్గర పోలేరయ్య పొద్దుటి నుంచి కదల్లేదట. అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాడట. మమ్మల్ని చూడగానే వీపు ఇంకా నిటారుగా పెట్టి అటు తిరిగి కూర్చున్నాడు. గురవమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని, ఇద్దరికీ మధ్య వచ్చి నిలబడింది. ఆమెకు కూడా ఇది పెద్ద రోజే.

సాహెబు బెంచీ ఈ కొసన కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

“గురవమ్మా, ఆయనకు చెప్పు. పటం చూసినాం. బావి సముద్రం పక్కనే ఉండాది. వాళ్ళదే.”

గురవమ్మ తల తిప్పలేదు. నేను సంచిలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను. రెండు లారీలు పోయాయి. పోలేరయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. మోకాళ్ళు పట్టుకుని, మూలిగి, ఒక కాలు బెంచీకి ఇటు పక్కకు వేశాడు, తరవాత రెండో కాలు వేశాడు. ఇరవై రెండేళ్ళ తరవాత ఇటు తిరిగి కూర్చున్నాడు.

“ఎంత లోతు తవ్వినారు సాయిబా?” అన్నాడు.

గురవమ్మతో కాదు. ఆయనతోనే.

చోటే సాహెబు అబద్ధానికి ఇంకో అబద్ధం దొరక్క నిజమే చెప్పాడు. “తాటిచెట్టంత.”

“మీ తాత కంటే లోతుగానే తవ్వినారే,” అన్నాడు పోలేరయ్య. “నువ్వు నాతో ఒప్పుకున్నావంటేనే తెలిసిపోయింది. బావి ఉండుంటే నువ్వు చచ్చినా ఒప్పుకోవు.”

“పోలేరా,” అన్నాడు సాహెబు.

“నీ గెలుపు నాకు దానం జెయ్యబాక. బావి పోయింది. తగువు గూడా తీసకపోతే ఇంక నాకేం మిగల్తాది? ఎప్పట్లాగా మాదే అను.”

“మాదే.”

“గట్టిగా అను. నాకు చెవులు గూడా పోయినాయి.”

“మాదే,” అన్నాడు చోటే సాహెబు కమీజు చేత్తో కళ్ళు తుడుచుకుంటూ. “కాలవ పక్క. మా తాత తవ్వినాడు.”

“మీ తాతకు గునపం పట్టుకోను వచ్చునా? దబ్బనం పట్టే చేతులు అవి,” అన్నాడు పోలేరయ్య, ఎండ పడని వైపు ఆయనకు చోటిస్తూ బెంచీ మీద జరిగి.